వేసవి విహారము: వడదెబ్బనుండి తోడివారిని కాపాడుట

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో జోల్వా యను గ్రామము కలదు. చెరకు పొలములు గల ఈ ప్రాంతమున నేడు నూలు మిల్లులును వస్త్ర కర్మాగారములును నెలకొన్నవి. దేశమునందలి పలు రాష్ట్రముల కార్మికులు ఇచ్చట పనిచేయుచున్నారు. సూరత్ నగరములోను దాని పరిసరములందును తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారు, ముఖ్యముగా పద్మశాలీలు, తరతరములుగా నివసించుచున్నారు. వేసవిలో దీర్ఘమైన సెలవు దొరకినవారు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్లు మీదుగా స్వగ్రామములకు పోవుదురు. అంతటి సెలవు దొరకని దంపతులు స్నేహితులతో కలసి ఒకటి రెండు దినములు సముద్రతీరమునకో కొండకో పోయి వత్తురు.

అట్టి విహారమునకు ఈ ప్రాంతమున కొదవ లేదు. సూరత్‌కు నైరృతి దిశలో డుమస్ తీరము కలదు. దక్షిణమున నవ్‌సారీ జిల్లాలో, 1930 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు ఉప్పు చట్టమును ధిక్కరించిన దాండీ కలదు. 2019లో అచ్చట ఉప్పు సత్యాగ్రహ స్మారకము వెలసినది. వల్సాడ్ చెంత తీథల్ తీరమున్నది. ఆగ్నేయముగా డాంగ్ జిల్లా అడవులును, ఆ అడవులమీద సుమారు వేయి మీటర్ల యెత్తున సాపుతారా కొండయు ఉన్నవి. సంవత్సరమంతయు యంత్రముల రొదలో గడపినవారికి ఇట్టి ప్రయాణము మనస్సునకును దేహమునకును మేలే చేయును. ఎండకు వెరచి యింట కూర్చుండుమని ఈ పుస్తకము చెప్పదు. ఎట్లు పోవలెనో, తోడివారిలో ఒకరికి వేడి తగిలినపుడు దానిని ఎట్లు కనిపెట్టవలెనో మాత్రము చెప్పును.

ఒక దృష్టాంతము తీసికొందము. జోల్వాలో మగ్గముపై పనిచేయు ఒక యువకుడు, అతని భార్య, వారికి స్నేహితులైన మరి రెండు జంటలు మే నెలలో ఒక ఆదివారము డుమస్‌కు బయలుదేరిరనుకొందము. అందరును సిరిసిల్ల ప్రాంతమువారే. యువకుడు రాత్రిపాళీ ముగించుకొని, నిద్రలేకయే, టీ మాత్రము త్రాగి కారెక్కెను. పదకొండు గంటలకు తీరము చేరిరి. ఇసుకమీద బంతియాట మొదలైనది. ఒంటిగంటకు ఆ యువకుడు ఆట విడిచి ఒకమూల నిలిచిపోయెను.

"ఏమైంది తమ్మీ?" అని పెద్దవాడడిగెను.

"ఏం లేదన్నా, జర తల తిరుగుతున్నది. మీరు ఆడుండ్రి, నేనొస్త."

పెద్దవాని భార్య నవ్వుచు, "రాత్రంత నిద్ర లేదు గద, మరిదికి నిద్రొస్తున్నట్లున్నది. పండుకోనియ్యుండ్రి" అనెను. అందరును కలసి అతనిని కారులో పండుకొనబెట్టి, ఇసుక రాకుండ అద్దములు పైకెత్తి, మరల ఆటకు పోయిరి.

ఇందు ఎవరి మనస్సునందును చెడుతలంపు లేదు. అతడు తోడివారి సంతోషమును చెరుపనొల్లడయ్యెను. వారు అతనికి విశ్రాంతి నీయదలచిరి. కాని ఎండలో నిలిపిన కారు, అద్దములు మూసినచో, పది నిమిషములలోనే బయటి గాలికంటె సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కును. అతనికి అవసరమైనది నిద్ర కాదు. ఇకముందు చెప్పబోవు సంగతులన్నియు ఆ ఒంటిగంట చుట్టును తిరుగుచున్నవి.

దేహము చల్లబడు విధము

మన దేహము లోపలి వేడిని 37 డిగ్రీల సెంటిగ్రేడు చెంత నిలుపుకొనును. నడచినను, పరుగెత్తినను కండరములు వేడిని పుట్టించును. ఆ వేడిని రక్తము చర్మమునకు మోసికొనివచ్చును. చర్మముమీది చెమట ఆవిరియై దానిని గాలికి అప్పగించును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడి దేహమునుండి తొలగిపోవును. ఇచ్చట గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ఆవిరియైన చెమటయే చలువ నిచ్చును. కారి నేలబడిన చెమటవలన నీరును ఉప్పును నష్టమగుటయే గాని ప్రయోజనము లేదు.

సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. తేమగాలిలో చెమట త్వరగా ఆరదు. కావుననే 36 డిగ్రీలు చూపు డుమస్ తీరము, 42 డిగ్రీలు చూపు పొడిగాలి రామగుండముకంటె ఒక్కొక్కప్పుడు దేహమునకు ఎక్కువ భారమగును. "మా రామగుండం ఎండ చూసినోళ్లం, ఈ సూరత్ ఎండొక లెక్కా?" యను మాట ఈ ప్రాంతమున మనవారి నోట వినవచ్చును. ఆ మాట థర్మామీటరునుబట్టి నిజమే. చెమటనుబట్టి నిజము కాదు.

మగ్గముల వేడికి అలవాటుపడితిమని ధైర్యపడువారును కలరు. దేహము వేడికి అలవాటుపడుట నిజమే. దినదినమును వేడిలో పనిచేసినచో ఒకటి రెండు వారములలో చెమట త్వరగా పట్టుటయు, దానిలో ఉప్పు తగ్గుటయు జరుగును. కాని అట్టివానికి చెమట ఎక్కువ పట్టును గనుక నీరును ఎక్కువ కావలెను. నిద్రలేమి, జ్వరము, విరేచనములు, మద్యము—వీనిలో ఏ యొక్కటి తోడైనను అలవాటువలన కలిగిన రక్షణ సన్నగిల్లును. గుజరాత్ రాష్ట్రమున మద్యనిషేధము అమలులో నున్నది. విహారము పేరిట సరిహద్దు దాటి డామన్ తీరమునకు పోవువారు ఈ వాక్యమును రెండుమారులు చదువుదురు గాక.

ఒక మాటను గూర్చి

ఈ పంక్తులు వ్రాయువాడు వైద్యుడు కాడు. వైద్యుల మాటలను తెలుగున పెట్టుట అతని యుద్యోగము. ఆ పనిలో అతనిని చిక్కులబెట్టిన మాటలలో వడదెబ్బ యొకటి. మాట చక్కనిదే, ఊరూర తెలిసినదే. కాని 'దెబ్బ' యనగానే ఒక్కసారిగా, పిడుగువలె తగులునని మనకు తోచును. వాస్తవముగా అది పలుమారులు కొన్ని గంటలుగా కూడబెట్టుకొనుచు వచ్చును. 'వడ' యనగానే ఎండలో నున్నవానికే యని తోచును. గాలియాడని రేకులగదిలోను, మూసిన కారులోను, నీడలో బరువుపని చేయునపుడును అది వచ్చుట కలదు. మాటను మార్చుట మన చేతిలో లేదు. దాని వెనుక నున్న యర్థమును సవరించుకొనుట మన చేతిలోనిదే.

మొదటిమెట్టు ఎండబడలిక. తలనొప్పి, తలతిరుగుట, కండరములు పట్టుకొనుట, వాంతి వచ్చునట్లుండుట, విపరీతమైన చెమట, నీరసము—ఇవి దాని గురుతులు. ఈ దశలో మనిషి తెలివిగానే మాటలాడును. నీడకు చేర్చి, ఉప్పుకలిపిన ద్రవములు త్రాగించి, తడిబట్టతో తుడిచినచో అరగంటలో తేరుకొనును. తేరుకొనకున్నచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రెండవమెట్టు వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలకు మించును. మెదడు చెడిపోవ మొదలిడును. మాట తడబడుట, అడిగినదొకటి చెప్పునదొకటి యగుట, అకారణముగా కోపగించుకొనుట, త్రాగినవానివలె తూలుట, మూర్ఛ, స్పృహ తప్పుట—ఇవి దాని లక్షణములు. చెమట నిలిచిపోయి చర్మము పొడిగా నుండుననియే పూర్వము చెప్పుచుండిరి. ఆటలాడినవారికిని కాయకష్టము చేసినవారికిని వచ్చు వడదెబ్బలో చెమట పట్టుచునే యుండవచ్చును. కనుక చెమటను చూచి ధైర్యపడరాదు, మాటను చూడవలెను.

దీని తీవ్రత మన దేశమునకు తెలియనిది కాదు. 2010 మే నెలలో అహ్మదాబాదులో ఉష్ణోగ్రత 46.8 డిగ్రీలకు పెరిగినపుడు, ఆ నెలలో సాధారణముగా జరుగు మరణములకంటె 1,344 మరణములు అధికముగా జరిగినట్లు తరువాతి పరిశోధనలో తేలినది. దాని పర్యవసానముగనే 2013లో ఆ నగరము వడగాడ్పుల నెదుర్కొను ప్రణాళికను సిద్ధపరచుకొన్నది. 2015 మే నెలలో దేశమున రెండువేలకు మించిన జనము వడదెబ్బకు బలియైరి. వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే.

తోడివారు చేయవలసినది

వేడికి మొదట లొంగునది మెదడు గనుక, వేడి తగిలినవాడు తన స్థితిని తాను తెలిసికొనజాలడు. "ఏం లేదన్నా" యను అతని మాట సాక్ష్యముగా పనికిరాదు. ఒంటరిగా పోయినవానికంటె గుంపుగా పోయినవారికి ఇందు గొప్ప మేలు కలదు—ఆ గుంపు కన్నులు తెరచి యున్నచో. బయలుదేరునపుడే ఇద్దరిద్దరుగా జతలేర్పరచుకొని, గంట కొకమారు ఒకరినొకరు పరికించుకొనవలెను. దంపతులకు ఇది సులభము. భర్త సహజముగా ఎట్లు మాటలాడునో భార్యకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. భార్య ముఖము వాడినచో మొదట గుర్తింపవలసినవాడు భర్తయే.

అనుమానము కలిగినపుడు మూడు ప్రశ్నలడుగుడు: ఇప్పుడు మనమే యూరిలో నున్నాము? మనతో ఎవరెవరు వచ్చిరి? ఉదయమేమి తింటిమి? (పెండ్లినాటి తేదీ అడుగకుండుట మేలు, ఆరోగ్యవంతులైన భర్తలును అందు తప్పుదురు.) పిమ్మట పది యడుగులు తిన్నగా నడువుమనుడు. జవాబు తడబడినను, అడుగు తడబడినను, అది వడదెబ్బయే యని యెంచి పనికి పూనుకొనవలెను. చంకలో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని తక్కువగా చూపును గనుక దానిని నమ్మి ఊరకుండరాదు.

పని యేమి? చల్లబరచుట. ఆసుపత్రికి కొనిపోవు తొందరలో చల్లబరచుట మరచినచో దారిలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. ఒకరు 108కి టెలిఫోను చేయుచుండగా మిగిలినవారు రోగిని నీడకు చేర్చి, బిగుతైన బట్టలు వదులుచేసి, తలనుండి పాదములవరకు నీరు గ్రుమ్మరించుచు, గట్టిగా విసరవలెను. తొట్టిగాని, కాలువగాని దగ్గర నున్నచో మెడవరకు నీటిలో నుంచి, తలను ఒకరు పట్టుకొనుట శ్రేష్ఠము. మంచు దొరకినచో గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జలయందు ఉంచవలెను. త్రాగుటకు తెచ్చిన నీరు సైతము ఒంటిమీద పోయుటకు వెనుదీయరాదు. స్త్రీకి ఇట్టి యాపద కలిగినపుడు సంకోచముచేత ఆలస్యము జరుగుచుండును. తోడి స్త్రీలు ఒక చీరను తెరగా పట్టుకొనవచ్చును. అదియు లేనిచో కట్టుబట్టలమీదనే నీరు పోసి విసరవచ్చును. తడిసిన చీర ఆరుచు చలువ నిచ్చును.

స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. అట్టివానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను. జ్వరపు మాత్రలు ఇందు పనిచేయవు. ఉల్లిపాయ రుద్దుట, పసరు పూయుట మొదలైనవానితో కాలము గడపరాదు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. 2007నుండి గుజరాత్‌లోను కలదు. మన నేతకుటుంబములలోని స్త్రీలలో కొందరికి గుజరాతీ గాని హిందీ గాని రాదు. వారు రెండు ముక్కలు కంఠస్థము చేసికొనవలెను: "లూ లాగీ ఛే"—వడదెబ్బ తగిలినది, "బేభాన్ ఛే"—స్పృహ లేదు. వీనితోబాటు తామున్న చోటి పేరు చెప్పిన చాలును.

మన దృష్టాంతమునకు మరలుదము. ఒంటిగంటకు తమ్ముడు తల తిరుగుచున్నదనగనే, అతని భార్య "అన్నా, మూసిన కారుల వద్దు, నీడకు తీస్కపోదాం" అనియు, పెద్దవాడు "తమ్మీ, పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు" అనియు అనియున్నచో, రెండు బిందెల నీటితోను ఒక చీరచెంగు గాలితోను ఆ మధ్యాహ్నము గడచిపోవును.

నీరు, ఆహారము

దప్పి వేయువరకు ఆగక, ఎండలో నడచునపుడు పావుగంట ఇరువది నిమిషముల కొకమారు ఒక గ్లాసు నీరు త్రాగవలెను. మూత్రము లేతపసుపుగా నున్నచో నీరు చాలినదనియు, ముదురుగా నున్నచో చాలలేదనియు తెలిసికొనవచ్చును. ప్రయాణములలో స్త్రీలు నీరు త్రాగుట మానివేయుట మనమందరము ఎరిగిన సంగతియే. దారిలో మరుగుదొడ్డి యుండదను భయమే దానికి కారణము. ఇది స్త్రీల తప్పు కాదు, ప్రయాణమును నిర్ణయించినవారి తప్పు. ఏయే చోట బండి ఆపవలెనో ముందుగ నిశ్చయించుకొని, ఆ సంగతి అందరికిని చెప్పినచో వారు నిర్భయముగా నీరు త్రాగుదురు. గర్భిణులు ఈ విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. రక్తపుపోటుకు మూత్రము జారీచేయు మందులు వాడువారు బయలుదేరుటకు ముందు వైద్యుని అడుగవలెను.

ఉప్పువేసిన మజ్జిగకు మించిన వేసవి పానీయము లేదు. గుజరాతీలు దానినే ఛాస్ అందురు. అంబలియు మంచిదే. తాటిముంజలు ఇచ్చట గలేలి యను పేర అమ్మకమునకు వచ్చును. విరివిగా చెమట పట్టినపుడు, విరేచనములైనపుడు ఓ.ఆర్.ఎస్. పొట్లము చేత నుండవలెను. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములలో కలరా ప్రబలినపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ బన్‌గాఁవ్‌లో ఈ ఉప్పు-చక్కెర నీటితోనే అసంఖ్యాకులను బ్రతికించెను. పొట్లము మొత్తమును ఒక లీటరు నీటిలో కలుపవలెను; సగము పొట్లము, అందాజు నీరు పనికిరావు. పొట్లము లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, తలకొట్టుగా కొలిచి కలుపవచ్చును. అంగళ్ళలో ఓ.ఆర్.ఎస్. అను పేర తియ్యని పానీయములు చాలకాలము అమ్ముడుపోయినవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి దీనిపై పోరాడిరి. 2025 అక్టోబరులో ఆహారభద్రతా ప్రాధికార సంస్థ అట్టి పానీయములకు ఆ పేరు పెట్టుటను నిషేధించినది. పొట్లముమీద ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రము ప్రకారము చేసినదని యున్నదో లేదో చూచి కొనవలెను.

దారికి పులిహోర, సర్వపిండి వంటివి కట్టుకొనిపోవుట మేలు. కొబ్బరిపచ్చడి, పప్పు, కూర ఆ వేడిలో మధ్యాహ్నమువరకు నిలువవు.

సముద్రము, కొండ

ఖంభాత్ సింధుశాఖలోని ఆటుపోట్లు మన దేశమునందెల్ల మిక్కిలి పెద్దవి. దానికి చేరువనున్న డుమస్‌లోను ఆటువేళ నీరు చాల దూరము వెనుకకు పోయి బురదనేల బయటపడును. దానిమీద నడచుచు లోనికి పోవుట పిల్లలకును పెద్దలకును సరదాయే. పోటు వచ్చునపుడు నీరు ఎదురుగ మాత్రమే రాదు. పల్లములవెంట చుట్టివచ్చి వెనుకదారిని మూసివేయును. ఆటుపోట్లు దినమునకు రెండేసిమారులు వచ్చును; ప్రతిదినమును సుమారు యేబది నిమిషములు ఆలస్యమగును గనుక నిన్నటి వేళ నేటికి పనికిరాదు. అమావాస్య, పూర్ణిమల చుట్టుప్రక్కల పోటు ఎక్కువ. తీరమున నున్న జాలరిని అడిగి పోవుట అన్నిటికంటె సులభోపాయము. ఎర్రజెండా యున్నచోట నీటిలో దిగరాదు. మునుగుచున్నవానికొరకు ఈతరానివాడు దూకినచో ఇద్దరును పోవుదురు. చీర, త్రాడు, ఖాళీ డబ్బా విసరి లాగవలెను.

సాపుతారా యనగా సర్పముల నివాసమని యర్థము చెప్పుదురు. మే నెలలోను అచ్చట గాలి చల్లగా నుండును. ఆ చల్లదనముచేతనే జనులు నీరు త్రాగుట మరచిపోవుదురు. ఎక్కుట ఉదయము తొమ్మిదింటికి ముందే ముగింపవలెను. పొదలలో, రాళ్ళసందులలో చేతులు పెట్టరాదు. రాత్రివేళ దీపము లేక నడువరాదు. పాము కరచినచో కోయుట, పీల్చుట, త్రాడు బిగించి కట్టుట—మూడును కూడదు. కరచిన అవయవమును కదలనీయక, ఉంగరములు, గాజులు తీసివేసి, విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి తిన్నగా చేర్చవలెను. వఘయీ చెంత నున్న గీరా జలపాతము వేసవిలో సన్నగిల్లును. వానలు పడినపిమ్మట దాని యందము చూడదగినది, అప్పుడే దాని రాళ్ళు మిక్కిలి ప్రమాదకరములు.

ఇల్లు చేరిన పిమ్మట

వడదెబ్బ తగిలి తేరుకొన్నవానిని ఆసుపత్రిలో చూపకయే ఇంటికి తీసికొనిపోవుట పెద్దతప్పు. మూత్రపిండములకును కాలేయమునకును కలిగిన హాని ఒకటి రెండు దినముల తరువాత బయటపడవచ్చును. మూత్రము టీ రంగున వచ్చినను, చాల తగ్గినను వెంటనే వైద్యుని కడకు పోవలెను. ఎండబడలిక మాత్రమే కలిగినవాడును ఆ రాత్రిపాళీకి పోరాదు. ఒకమారు వేడి తగిలిన దేహము కొన్ని దినములవరకు వేడిని మునుపటివలె సహింపజాలదు. వడదెబ్బయే తగిలినవాడు వైద్యుడు అనుమతించువరకు మగ్గము దరికి పోరాదు. మేస్త్రీకి ఈ సంగతి చెప్పుటకు కార్మికునకు బిడియముగా నుండవచ్చును. కూలి పోవునను చింతయు ఉండును. అట్టియెడ అతనితోబాటు విహారమునకు పోయిన స్నేహితుడు మరునాటి యుదయమున తానే మిల్లునకు పోయి, జరిగినదానిని చెప్పి, వైద్యుడిచ్చిన చీటీని చూపి రావలెను.